లేకర్స్ కథ: డ్రామా మేలా, డాక్యుమెంటరీ మేలా?

లాస్ ఏంజెలెస్ లేకర్స్ బాస్కెట్‌బాల్ జట్టు వైభవం మీద 2022లోనే రెండు సిరీస్‌లు వచ్చాయి: మార్చిలో హెచ్‌బీఓ డ్రామా 'విన్నింగ్ టైమ్', ఆగస్టులో హులు డాక్యుమెంటరీ 'లెగసీ'.

డ్రామా మొదట్లో కాస్త చికాకు పెడుతుంది. ఓనర్ జెర్రీ బస్ (జాన్ సి. రైలీ) సీన్ మధ్యలో కెమెరా వైపు తిరిగి మనతో మాట్లాడతాడు. బొమ్మ ఒకసారి పాత వీడియోలా, ఇంకోసారి మామూలు సినిమాలా మారుతూ ఉంటుంది. కథ కుదురుకోదు. నటులు మాత్రం భలే కుదిరారు. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన మ్యాజిక్ జాన్సన్‌ని (క్విన్సీ ఐజయా) ఒక పార్టీలో సీనియర్ నార్మ్ నిక్సన్ ఆటకు పిలిచి ఓడిస్తాడు. అప్పటిదాకా వెలిగిన ఆ నవ్వు మాయమవడం చూడాలి. నిక్సన్‌గా వేసింది ఆయన సొంత కొడుకే.

నాకు మింగుడుపడనిది జెర్రీ వెస్ట్ పాత్ర. 1969 ఫైనల్స్‌లో లేకర్స్ ఓడినా ఎంవీపీ (ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు) అందుకున్న ఆటగాడాయన. అలాంటి వారు ఇంకెవరూ లేరు. ఆ బాధ నిజమే. కానీ డ్రామాలో ఆయన ఆ ట్రోఫీనే కిటికీ అద్దం పగిలేలా విసిరేస్తాడు, నోరు తెరిస్తే బూతులే. అప్పటికి వెస్ట్ బతికే ఉన్నాడు, హెచ్‌బీఓ తనకు క్షమాపణ చెప్పాలని లాయర్ల ద్వారా డిమాండ్ చేశాడు. ఇది డాక్యుమెంటరీ కాదని హెచ్‌బీఓ జవాబిచ్చింది. అసలు పేర్లు వాడుకున్నాక ఆ మాట సరిపోదు.

'లెగసీ'లో మ్యాజిక్, కరీం అబ్దుల్ జబ్బార్, వెస్ట్ స్వయంగా మాట్లాడతారు. 1980 ఫైనల్స్ ఆరో మ్యాచ్‌కి కరీం చీలమండ గాయంతో దూరమైతే, ఇరవై ఏళ్ల మ్యాజిక్ ఆయన ఆడే సెంటర్ స్థానంలో దిగి 42 పాయింట్లు, 15 రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం), 7 అసిస్టులు (స్కోరుకు దారితీసిన పాస్‌లు) సాధించాడు. అలాంటి ఆట గురించి ఆడినవాళ్ల నోటే వినాలి. అయితే నిర్మాతల్లో బస్ కూతురు జీనీ ఉంది. సొంతింటి కథ కాబట్టి చూసేటప్పుడు అది గుర్తుంచుకోవాలి.

డ్రామా గెలిచేది కోచ్ జాక్ మెకిన్నీ దగ్గర. జట్టుకు వేగం నేర్పింది ఆయనే. 1979 నవంబరులో, సీజన్ మొదలైన కొద్ది వారాలకే సైకిల్ మీంచి పడి తలకు పెద్ద దెబ్బ తగిలింది. అసిస్టెంట్ పాల్ వెస్ట్‌హెడ్ ఆ స్థానంలోకి వచ్చాడు, టైటిల్ గెలిచింది కూడా ఆయన చేతిమీదుగానే. మెకిన్నీకి దక్కకుండా పోయినదాన్ని డ్రామా తీరిగ్గా, మనసు పెట్టి చూపించింది.

బాస్కెట్‌బాల్ కొత్తయితే ముందు 'లెగసీ' చూడండి. ఆటగాళ్లు తెలిసినవాళ్లు డ్రామా మొదలుపెట్టి, మెకిన్నీ వచ్చేదాకా ఓపిక పట్టండి. రెండో సీజన్‌తో దాన్ని ఆపేశారు, 1984 ఫైనల్స్‌లో ప్రత్యర్థి జట్టు బోస్టన్ చేతిలో ఓటమి దగ్గరే కథ నిలిచిపోయింది. మరుసటి ఏడాదే అదే బోస్టన్‌ను ఫైనల్స్‌లో మొట్టమొదటిసారి ఓడించిన ముచ్చట కోసం మాత్రం డాక్యుమెంటరీకి రావాల్సిందే.