పాట ఉన్న పాత ఇంగ్లీషు ప్రింట్లు కొంటున్నారా? ముందు మరక చూడండి

ఇంగ్లండ్‌లో ఉంటూ పాత ప్రింట్లు కొనే మనవాళ్ల కోసం రాస్తున్నా. ముఖ్యంగా పైన బొమ్మ, కింద పాట చరణాలు ఉండే లారీ అండ్ విటిల్ ప్రింట్ల మోజు ఉన్నవాళ్లు చదవండి. లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో 53వ నంబరు షాపు వాళ్లది, 1794 నుంచి వీళ్ల పేరుతో నడిచింది. జనం పాడుకునే సరదా పాట ఒకటి తీసుకుని, దానికి బొమ్మ వేయించి (అప్పటి కార్టూనిస్టు ఐజాక్ క్రూక్‌షాంక్ వీళ్లకి చాలానే గీశాడు), రాగి రేకు మీంచి అచ్చు తీసి, చేత్తో రంగులు వేయించి అమ్మేవాళ్లు.

పోయిన నెల ఆన్‌లైన్‌లో ఒకటి 85 పౌండ్లకు కొన్నాను. "1802 నాటి ఒరిజినల్, చేతి రంగులు, ఫ్రేమ్‌తో సహా" అని అమ్మేవాడు రాశాడు. ఫోటోలో ఒక మూల గోధుమరంగు మరక కూడా ఉంది, నిజం చెప్పాలంటే ఆ మరక చూసే పడిపోయాను, అంత పాత కాగితానికి మరక ఉండదా అని.

గోడకు తగిలించి వారం రోజులు మురిసిపోయాను. తర్వాత బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో అదే ప్రింట్ కనబడితే పెద్దది చేసి చూశాను. అదే మరక! అదే మూల, అదే ఆకారం. రెండు కాగితాల మీద టీ ఒకేలా ఒలుకుతుందా?

ఫ్రేమ్ వెనక టేపు చింపి భూతద్దం పెడితే మరక నిండా సన్నటి రంగు చుక్కలు, అంటే ఫోటోని మిషన్ మీద అచ్చేసిందన్నమాట. చేతి రంగులన్నవీ చుక్కలే. రాగి రేకు అచ్చయితే గీతల్లో సిరా నిండుగా ఉంటుంది, రేకు అంచు ఒత్తుకుని కాగితం మీద చుట్టూ చిన్న పల్లం పడుతుంది. దీనికి ఆ పల్లం లేదు, లేదని తెలియకుండా అంచులన్నీ మౌంట్ అట్టతో కప్పేశాడు. యూవీ టార్చ్ వేస్తే కాగితం నీలంగా మెరిసింది, అంటే తెల్లదనానికి కెమికల్ కలిపే ఈ కాలపు కాగితం.

అడిగితే "1802 అన్నది బొమ్మ గురించి, కాగితం గురించి కాదు" అన్నాడు. ఒళ్లు మండింది. క్రెడిట్ కార్డు సెక్షన్ 75 (సరుకు చెప్పినట్టు లేకపోతే కార్డు కంపెనీని కూడా డబ్బు అడగనిచ్చే చట్టం) ఉందిగా అనుకుంటే అది 100 పౌండ్లు దాటిన వస్తువుకే. వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో కొంటే 14 రోజుల్లో వద్దనొచ్చు, కానీ వీడు నలభై ప్రింట్లు అమ్మకానికి పెట్టి కూడా మామూలు మనిషి ఖాతా వెనక దాక్కున్నాడు. బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (అమ్మినవాడి నుంచి డబ్బు వెనక్కి రప్పించమనే అర్జీ) పెట్టాను, ఇంకా తేలలేదు.

మీరు మాత్రం ఫ్రేమ్ విప్పి తీసిన ఫోటోలు అడగండి. నాలుగు అంచులు, వెనక వైపు, అడుగున షాపు పేరూ తేదీ ఉండే వరుస, అన్నీ కనబడాలి. పంపనంటే వదిలేయండి. అసలైనవాటిలో కూడా ఫ్రేమ్‌లో పట్టడానికని పాటను కత్తిరించేసినవి ఉంటాయి, అలాంటివాటికి పూర్తి ధర ఇవ్వకండి.

నిన్న చూస్తే అదే బొమ్మ మళ్లీ పెట్టాడు. ఈసారి 95 పౌండ్లు. మరక అక్కడే ఉంది.