సెంట్రింగ్ లేకుండా కట్టిన గుమ్మటం లోపల: ఫ్లోరెన్స్‌లో బ్రూనెల్లెస్కి పాస్

ఆర్కిటెక్చర్ చదువులో భాగంగా ఒక సెమిస్టర్ ఫ్లోరెన్స్‌లో గడిపిన నేను, రోజూ ఆ ఊరి కేథడ్రల్ శాంటా మరియా దెల్ ఫియోరే పక్కనుంచే కాలేజీకి నడిచి వెళ్తున్నా, నెల రోజుల వరకూ ఆ గుమ్మటం ఎక్కలేదు. ఎక్కాలంటే, ఆ గుమ్మటాన్ని కట్టిన వాస్తుశిల్పి పేరు పెట్టిన బ్రూనెల్లెస్కి పాస్ అనే టికెట్ కొనాలి. నేను కొన్నప్పుడు దాని ధర 30 యూరోలు. విద్యార్థినైనా పూర్తి ధరే చెల్లించాను. ఆ డబ్బు వృథా కాలేదు. అయితే అందరూ మెచ్చుకునే నగర దృశ్యం కన్నా, అక్కడికి చేర్చే మెట్ల దారే నన్ను ఎక్కువగా కట్టిపడేసింది.

మెట్లు మొత్తం 463, లిఫ్టు లేదు. మొదటి అంచె దాటగానే గుమ్మటం మొదలయ్యే చోట, లోపలి వసారా మీదికి వస్తాము. అంతిమ తీర్పు చిత్రం అక్కడ కళ్లెదుటే ఉంటుంది. 1572లో చిత్రకారుడు వాసారి మొదలుపెట్టగా, ఆయన పోయాక జుక్కారి అనే మరో చిత్రకారుడు 1579లో పూర్తిచేసిన ఆ చిత్రంలో, నేల మీదనుంచి నున్నగా కనిపించే ఒళ్లూ ముఖాలూ దగ్గరికి వచ్చేసరికి వెడల్పాటి, మోటు కుంచె గీతలుగా విడిపోతాయి.

అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. గుమ్మటానికి రెండు పొరలున్నాయి, మెట్లు ఆ రెంటి మధ్య నుంచే పైకి పోతాయి. మన ఊళ్లలో చిన్న స్లాబు వేయాలన్నా ముందు సెంట్రింగ్ కర్రలు, పలకలు దిగాలి. ఇక్కడ దాదాపు 45 మీటర్ల వెడల్పును కింది నుంచి సెంట్రింగ్ ఆసరా లేకుండానే 1420 నుంచి 1436 లోపు మూసేశారు. ఎలాగన్నది గోడలోనే కనిపిస్తుంది. పడుకోబెట్టిన కొన్ని ఇటుకల తర్వాత ఒకటి నిలువుగా నిలబడి ఉంటుంది, పై వరుసలో అలాంటిదే మరొకటి కాస్త పక్కకు జరిగి ఉంటుంది, ఆ నిలువు ఇటుకల బారు మెలితిరుగుతూ పైకి సాగిపోతుంది. సున్నం ఇంకా గట్టిపడని వరుస లోపలికి జారిపోకుండా పట్టి ఉంచింది ఆ ఇటుకలే. ఇటాలియన్‌లో ఈ పేర్పును చేప వెన్నెముక అంటారు. క్లాసులో ఎన్నోసార్లు గీసిన బొమ్మే అయినా, చెయ్యి చాచితే తగిలేంత దూరంలో చూసినప్పుడే తాపీ మేస్త్రీ ఒక్కో ఇటుకనూ ఎందుకు అలా నిలబెట్టాడో నాకు బోధపడింది. చివరి మెట్లు లోపలి పొర వీపు మీదుగా నిటారుగా ఎక్కుతాయి; గుమ్మటపు వంపు అరికాళ్లకు తెలుస్తుంది.

లోటు ఒక్కటే, నిలబడి చూసే వీలు తక్కువ. దారి ఇరుకు, వెనక జనం వస్తూనే ఉంటారు, స్కెచ్ వేసుకోవడం కుదరని పని. అందుకే ఉదయపు మొదటి విడతలో వెళ్లమని నా సలహా. గుమ్మటం ఎక్కే తేదీని, వేళను ముందే ఎంచుకోవాలి. పాస్‌లోని మిగతా చోట్లను మూడు రోజుల గడువులో చూడవచ్చు. స్నేహితురాలి కోసం ఒకసారి మధ్యవర్తి వెబ్‌సైటులో కొంటే, ఎక్కువ డబ్బు పోయి, బాగా రద్దీగా ఉండే వేళ దొరికింది. కేథడ్రల్ వారి సొంత సైటులోనే కొనండి.

గుమ్మటం ఎక్కే ముందురోజే కేథడ్రల్ మ్యూజియం చూడండి. శిల్పి గిబెర్తీ చేసిన బంగారు పూత తలుపుల అసలు పలకల దగ్గర ఎలాగూ అందరూ ఆగుతారు కానీ, మా చదువు వాళ్లు చూడాల్సినవి కొయ్యతో చేసిన గుమ్మటపు నమూనాలు. అవి చూసి వెళ్తే ఇరుకు దారిలో ఏ పొర పక్కన నడుస్తున్నామో తెలుస్తుంది. 414 మెట్ల జొత్తో గంటగోపురం కూడా ఇదే పాస్‌లో ఉంది. గుమ్మటాన్ని బయటినుంచి నిండుగా చూడాలంటే అంతకన్నా మంచి చోటు లేదు.

కేథడ్రల్ కింద, పాత చర్చి శిథిలాలున్న నేలమాళిగనూ వదలకండి. 1972లో బయటపడిన బ్రూనెల్లెస్కి సమాధి అక్కడే, పుస్తకాల దుకాణం పక్కన ఒక ఊచల తలుపు వెనక ఉంది. నేను వెళ్లిన రోజున జనమంతా దాన్ని దాటుకుంటూ బయటికి పోతున్నారు. పది నిమిషాలు నేనొక్కదాన్నే అక్కడ నిలబడ్డాను.