ఐఎఫ్ఎస్‌తో నా పేచీ అంతా ఆ రబ్బరు బూటు దగ్గరే

ముందు చక్రం వెనక్కి తల పెట్టి చూసినప్పుడు, రిమ్ము లోపలివైపు నల్లటి గ్రీజు చిమ్మినట్టు చార కనబడితే, బండి ఎంత బాగా లాగుతున్నా సరే, ఆ రోజు వాగులోకి దించకండి. సీవీ బూటు, అంటే చక్రాన్ని తిప్పే షాఫ్టు కీలు మీద గ్రీజును పట్టి ఉంచే రబ్బరు తొడుగు, చిరిగింది. ఐఎఫ్ఎస్ (ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే సస్పెన్షన్) బండి లక్ష కిలోమీటర్లు దాటాక నాకు మిగిలిన పేచీ ఇదొక్కటే. మిగతావన్నీ సర్దుకుపోగలిగినవే.

పోల్చేది రెండు బండ్లను. ఒకటి ముందు టార్షన్ బార్ (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ) ఐఎఫ్ఎస్, వెనక కమాన్ కట్టలు (ఉక్కు పట్టీల స్ప్రింగులు) ఉన్న డీజిల్ జీపు. రెండోది నాలుగు మూలలా కమాన్ కట్టలే, ముందూ వెనకా సాలిడ్ యాక్సిలే (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న పాత పెట్రోలు బండి. పేర్లు వద్దు, చెబితే చర్చ అటే పోతుంది. రెండూ తిరిగింది ఒకే నేల మీద: పరిగి, తాండూరు చుట్టుపక్కల మొరం దారులు, నాపరాయి తేలిన వాగులు, నల్లరేగడి చేలు.

ఈ చేలతోనే అసలు తంటా. కంది కోసిన చేలో మోళ్లు నిలబడి ఉంటాయి. కొడవలి ఏటవాలుగా తెగ్గొట్టిన చోట ఎండి ఉలి మొనలా తయారవుతాయి. టైరు వాటిని చాలావరకు తొక్కుకుంటూ పోతుంది. బూటు మాత్రం టైరుకు లోపలివైపు, మోడు సరిగ్గా తగిలే ఎత్తులో ఉంటుంది. మడతల గొట్టంలా ఉండే ఆ రబ్బరుకు, మడత లోయలో, చిటికెన వేలి గోరంత చీలిక పడింది. పైనుంచి చూస్తే కనబడదు. స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా తిప్పి, మడతలు తెరుచుకున్నాక టార్చి వేస్తేనే తెలుస్తుంది.

లోపల ఉండే గ్రీజు 100 గ్రాముల పైచిలుకు, అంతే. చక్రం తిరిగే కొద్దీ అది చీలికలోంచి బయటికి విసురుకుపోతుంది, దాని చోటులోకి మొరం దుమ్ము చేరుతుంది. కీలులో ఆరు ఉక్కు గుండ్లు, వాటిని పట్టి ఉంచే పంజరం ఉంటాయి. మిగిలిన గ్రీజుతో కలిసిన దుమ్ము వాటిని సాన పట్టినట్టు అరగదీస్తుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడిపితే టక్ టక్ టక్ మని వినబడటం మొదలవుతుంది. ఆ శబ్దం వచ్చిందంటే కొత్త గ్రీజు నింపి లాభం లేదు, గాడులు అప్పటికే తినేసి ఉంటాయి. యాక్సిలరేటరు తొక్కినప్పుడు నేరుగా పోతూనే వణుకు వస్తే అది షాఫ్టు రెండో కొసన ఉండే లోపలి కీలు. దాన్ని దీనితో కలిపేసుకుని బయటిది మార్చి కూర్చునేవాళ్లున్నారు.

కీలు విరిగింది వాగు గట్టు దగ్గర. ఫోర్ లో (నాలుగు చక్రాలకూ బలం, లో గేరు), రివర్సు, స్టీరింగు పూర్తిగా ఎడమకు. ఈ మూడూ కలిస్తే సీవీకి అంతకన్నా పరీక్ష లేదు. గట్టు మీదికి వెనక్కి ఎక్కుతున్నప్పుడు బరువంతా ముందు చక్రాల మీదికి వస్తుంది, కాబట్టి టైరు జారదు. లో గేరు తిప్పుడు బలాన్ని రెట్టింపుకు పైగా పెంచుతుంది. కీలు తన గరిష్ఠ కోణంలో ఉంటుంది. చక్రం వెనక రాయి అడ్డం పడితే ఇక ఆ బలం పోవడానికి దారేదీ ఉండదు. తుపాకీ పేలినట్టు ఒక్క శబ్దం, ఆ తర్వాత చక్రం కదలదు, ఇంజను మాత్రం హాయిగా తిరుగుతుంది.

అక్కడ చేయాల్సింది ఇదీ. హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు రెండువైపులా రాళ్లు పెట్టండి. జాకీ ఎత్తకముందే, చక్రం నేల మీద ఉండగానే హబ్బు నట్టు వదులు చేయండి. గాలిలో ఉన్న చక్రం మీద అది తిరగదు. తర్వాత చక్రం విప్పి, చక్రాన్ని పట్టి ఉంచే కింది చేయి (లోయర్ ఆర్మ్) కింద రెండో జాకీ పెట్టి, పై బాల్ జాయింట్ విడదీసి, చక్రాన్ని మోసే నకిల్‌ను బయటికి వంచి షాఫ్టు లాగాలి. రెండో జాకీ లేకుండా బాల్ జాయింట్ మీద సుత్తి వేయొద్దు, టార్షన్ బారులో ఉన్న బిగువు ఆర్మును చేతిమీదికి విసురుతుంది. షాఫ్టు, రెండు చక్రాలకూ బలం పంచే గేర్ల గుండు అయిన డిఫరెన్షియల్‌లోకి నేరుగా దూరే రకమైతే గేర్ ఆయిలు కారిపోతుంది. అందుకే లీటరు 80డబ్ల్యూ-90 జీఎల్-5 సీసా, ఆ కన్నానికి సరిపోయే రబ్బరు బిరడా బండిలో ఉండాలి.

అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది. షాఫ్టు తీసేశాం, చక్రం బిగించాం, ఇంటికి పోదాం అనుకుంటారు. ఒకే డబ్బీగా వచ్చే వీల్ బేరింగ్ ఉన్న బండ్లలో ఆ బేరింగ్‌ను పట్టి ఉంచేదే షాఫ్టు బయటి ముక్క, దాని మీది నట్టు. అవి లేకుండా నడిపితే బేరింగ్ ఊడి చక్రం పక్కకు ఒరుగుతుంది. కాబట్టి విరిగిన కీలును గుండ్లతో సహా విప్పి పారేసి, బయటి ముక్కను ఒంటరిగా హబ్బులో దూర్చి, నట్టు మళ్లీ బిగించాలి. పాత రకం టేపర్ రోలర్ బేరింగ్ ఉన్న స్పిండిల్ అయితే ఈ బాధ లేదు. ఏదైనా, ఆ తర్వాత ఫోర్‌వీల్ వేసి ప్రయోజనం లేదు. ముందు డిఫరెన్షియల్‌కు లాకు లేకపోతే బలమంతా షాఫ్టు లేని వైపే పోతుంది. గట్టెక్కడానికి ట్రాక్టరు పిలవాల్సిందే.

బూటు మీద ఇంత కోపం చూపించాను గానీ, తప్పు పూర్తిగా దానిది కాదు. టార్షన్ బార్ బోల్టు తిప్పి ముందు భాగాన్ని రెండంగుళాలు లేపి ఉన్న బండి అది. ఐఎఫ్ఎస్ బండ్లలో సగం కష్టాలు ఈ పనితోనే వస్తాయి. బోల్టు తిప్పితే బారు గట్టిపడదు, నిలబడే ఎత్తు మాత్రమే మారుతుంది. చక్రం మొత్తం కదిలే దూరం అంతే ఉంటుంది కాబట్టి, పైకి ఎంత లేపితే కిందికి జారే దూరం అంత తగ్గుతుంది. గుంటలో చక్రం దిగగానే పై ఆర్ము ఆపుడు రబ్బరుకు టక్కున తగులుతుంది. షాఫ్టు ఎప్పుడూ వంగే ఉంటుంది. బూటు మడతలు ఒక వైపు సాగిపోయి, ఇంకో వైపు ఒకదానికొకటి రాసుకుంటాయి. సాగిన రబ్బరుకు మోడు తగిలితే చీలక ఏమవుతుంది? చక్రం పైభాగం బయటికి వాలి టైరు బయటి అంచు అరగడం అదనం.

లేపాలనే ఉంటే ఒక అంగుళం చాలు. ముందే చదును నేల మీద హబ్బు మధ్య నుంచి ఫెండరు అంచు దాకా టేపుతో కొలిచి, రెండువైపులా రాసుకోండి. బోల్టు తిప్పేముందు ఆ వైపు చక్రం గాలిలో ఉండాలి, లేకపోతే మరలు తెగుతాయి. దించాక నాలుగడుగులు ముందుకూ వెనక్కీ నడిపి అప్పుడు మళ్లీ కొలవాలి. పై ఆర్ముకూ ఆపుడు రబ్బరుకూ మధ్య బొటనవేలు దూరకపోతే ఎక్కువైనట్టే. ఆ వెంటనే అలైన్‌మెంట్. డిఫరెన్షియల్‌ను కిందికి దించే స్పేసర్లు వేస్తే షాఫ్టు కోణం తగ్గుతుంది, కానీ లేపింది దేనికోసమో ఆ ఎత్తు కొంత తిరిగి పోతుంది.

రాళ్ల మీద సాలిడ్ యాక్సిల్ పనితనం వేరు. కావడి బద్ద లాంటిది అది, ఒక కొస లేస్తే రెండో కొస దానంతటదే కిందికి దిగి నేలను వెతుక్కుంటుంది. ఐఎఫ్ఎస్‌లో ఒక చక్రం బండరాయి ఎక్కితే రెండోదానికి ఆ కబురే అందదు. ఇంకో సుఖం, రాయి ఎక్కిన చక్రంతో పాటే డిఫరెన్షియల్ కూడా లేస్తుంది. ఐఎఫ్ఎస్‌లో అది ఛాసిస్‌కు బిగించి ఉంటుంది కాబట్టి, గుంటలో ముందు భాగం కుంగిన ప్రతిసారీ రాతి మీదికి దిగుతుంది. వాగులో ఆ తేడా ఇంజను కింది సంపు గార్డు మీది గీతల్లో లెక్కపెట్టుకోవచ్చు.

నల్లరేగడిలో మాత్రం లెక్క తిరగబడింది. వాన వెలిశాక ట్రాక్టర్లు చేసిన లోతు చాళ్లలో సాలిడ్ యాక్సిల్ మీది డిఫరెన్షియల్ గుండు మధ్య దిబ్బను గుంటకలా దున్నుకుంటూ పోయి, చివరికి అందులోనే కూర్చుంది. అదే చాళ్లలో ఐఎఫ్ఎస్ జీపు, ముందు గుండు కాస్త ఎత్తులో ఉండటంతో, పొట్ట రాసుకుంటూనే బయటపడింది. సాలిడ్ యాక్సిల్ కింద ఎత్తు పెరగాలంటే పెద్ద టైరే మామూలు దారి, స్ప్రింగులు ఎంత లేపినా గుండు లేవదు. లిఫ్ట్ కిట్ కొన్నాక ఇది తెలుసుకునేవాళ్లే ఎక్కువ.

బూటు లేదని మురిసిపోవడమూ తొందరపాటే. ఈ పాత యాక్సిళ్లలో కూడా నకిల్ గుండు లోపల ఉండేది సీవీ కీలే. ఉక్కు గుల్లలో దాక్కుంది కాబట్టి కంది మోడుకు దొరకదు, అంతే. దాని లోపలి ఆయిల్ సీలు పోతే గేర్ ఆయిలూ గ్రీజూ కలిసి జావలా మారి నకిల్ కింది నుంచి కారుతాయి. సరిచేయాలంటే లోపలి సీలు, బయట తుడిచే సీలు, నకిల్ తిరిగే కింగ్ పిన్ బేరింగులు రెండువైపులా కలిపి నాలుగు, గాస్కెట్లు, షిమ్ములు (పలచటి సర్దుబాటు రేకులు) అన్నీ కావాలి. ఒక్కో వైపు ఒక పూట పని. బూటు మార్చడం దీని ముందు చిన్న పనే, కాకపోతే నకిల్ కొన్నేళ్లకొకసారి అడుగుతుంది, బూటు ప్రతి కంది కోతకూ అడుగుతుంది.

రోడ్డు మీద 65 కిలోమీటర్ల వేగం దగ్గర గతుకు తగిలి స్టీరింగు గజగజా ఊగిందంటే ఆ కింగ్ పిన్ బేరింగులే ముందు అనుమానం. చాలామంది స్టీరింగు డాంపర్ మార్చేసి ఊగడం ఆగిందంటారు. అది జబ్బును కప్పిపెట్టడమే. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే షిమ్ము తీసి బిగువు పెంచాలి, టై రాడ్ విప్పి నకిల్ చివర స్ప్రింగు తక్కెడ తగిలించి, లాగితే మాన్యువల్‌లో చెప్పిన బలానికే కదులుతోందా చూడాలి. కాయిల్ స్ప్రింగుల యాక్సిలైతే ఇంకొకరిని స్టీరింగు అటూ ఇటూ తిప్పమని, యాక్సిల్‌ను పక్కకు జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్ బుష్ దగ్గర కన్ను పెట్టండి.

కంపెనీలు సాలిడ్ ముందు యాక్సిల్‌ను వదిలేస్తున్నది రాళ్ల మీద ఓడిపోయినందుకు కాదు. ల్యాండ్ క్రూజర్ 1998లో 100 సిరీస్‌తో, జీ-క్లాస్ 2018లో, ముందువైపు ఐఎఫ్ఎస్‌కు మారాయి. కొత్త డిఫెండర్ నాలుగు చక్రాలూ ఇండిపెండెంటే. హైవే స్టీరింగు, కుదుపులు, కొనేవాళ్ల నడుములు, ఇవీ కారణాలు. గాలిలో తిరిగే చక్రాన్ని బ్రేకుతో పట్టే ఎలక్ట్రానిక్స్ వచ్చాక తేడా కొంత పూడింది కూడా. మన దగ్గర 2020 థార్ ముందు ఐఎఫ్ఎస్, 2023లో వచ్చిన జిమ్నీ రెండువైపులా సాలిడ్. రెండూ కొనుక్కునేవాళ్లున్నారు, రెండూ చేలల్లో దిగబడుతూనే ఉన్నాయి.

వారంలో ఆరు రోజులు హైదరాబాదు రోడ్లు, ఆదివారం వాగు అయితే, టార్షన్ బారు ముట్టుకోకుండా ఐఎఫ్ఎస్ ఉంచుకోవడంలో తప్పులేదు. గతుకుల మొరం దారిలో 50 మీద పోతే సాలిడ్ యాక్సిల్ బండిలో వెనక కూర్చున్నవాళ్లు ఒప్పుకోరు. ఊరికి దూరంగా, ట్రాక్టరు మెకానిక్కు తప్ప దిక్కులేని చోట, రోజూ రాళ్లే అయితే కమాన్ కట్టల బండే నయం. పట్టీ విరిగితే ఏ లారీ కట్టల షెడ్డులోనైనా కొత్త పట్టీ వేస్తారు. నా దారుల్లో సగం చేలు, సగం రోడ్డు, అందుకే ఐఎఫ్ఎస్ జీపు ఇంకా ఉంది. బారు అంగుళానికి దించాను. సీటు కింద ఒక బూటు, రెండు సైజుల క్లాంపులు, 100 గ్రాముల మాలిబ్డినం గ్రీజు సాచెట్లు రెండు, సర్‌క్లిప్ ప్లయరు, హబ్బు నట్టు సాకెట్టు, అది తిప్పడానికి మీటరు పైపు పెట్టుకున్నాను. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా, కంది చేల మీదుగా పోయిన ప్రతిసారీ, ఇంటికొచ్చాక స్టీరింగు పూర్తిగా తిప్పి బూటు మడతల్లో టార్చి వేస్తున్నాను.