హెడ్మాస్టరు గారి స్మారక సంచిక: బెజవాడ ప్రెస్సుకి ఏది అప్పజెప్పాలి, ఏది కూడదు

పల్లెటూరి జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మాస్టారు కాలం చేస్తే, పాత విద్యార్థులు కమిటీ వేసుకుని స్మారక సంచిక తేవడం గుంటూరు, కృష్ణా ఊళ్లలో మామూలే. విజయవాడ గవర్నర్‌పేట, సూర్యారావుపేట సందుల్లోని ప్రెస్సులు కొన్ని దీన్ని ‘అంతా మాదే’ పద్ధతిలో చేసిపెడుతున్నాయి. జీవిత విశేషాలు వాళ్లే రాస్తారు, టైపు చేస్తారు, ఫోటోలు బాగుచేస్తారు, అచ్చేసి కట్టలు కట్టి బస్సులో వేస్తారు. అలా ఒక ప్యాకేజీలో వచ్చిన 500 కాపీల పుస్తకం మీద ఈ సమీక్ష. ప్రెస్సు పేరు రాయడం లేదు, ఇందులోని లోపాలు ఆ ఒక్కరివే కావు. అచ్చుకి పదికి ఎనిమిది మార్కులు వేయొచ్చు. రాతకి రెండు, అవీ చేతిరాత బాగున్నందుకు వేసే రకం.

ముందు బాగున్నది. పుస్తకం 1/8 డెమ్మీ, అంటే డెమ్మీ అనే పెద్ద షీటులో ఎనిమిదో వంతు సైజు. లోపల 64 పేజీలు 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మ్యాప్‌లితో అనే మామూలు తెల్ల కాగితం మీద ఒకే రంగు, నడుమ 8 పేజీలు 130 జీఎస్ఎం ఆర్ట్ పేపరు మీద రంగులు, అట్ట 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు. ఈ కొలతలు ప్రెస్సు వాళ్లు చెప్పినవే, సరైనవే. డెమ్మీ షీటుకి 16 పేజీలు పడతాయి కాబట్టి 64 పేజీలంటే నాలుగు ఫారాలు (ఒక షీటు మీద పడే పేజీలు ఒక ఫారం). 500 కాపీలకు 2000 షీట్లు, అంటే నాలుగు రీములు, వేస్టేజీకి ఇంకో పావు. రంగుల పేజీలు ఎనిమిదీ ఒకేచోట ఉండబట్టి షీటుకి రెండు వైపులా అవే నాలుగు ప్లేట్లతో (రంగుకొకటి) వేసి, మధ్యకి కోసి రెండేసి కాపీలు తీశారు. అవే ఫోటోల్ని పుస్తకమంతా చల్లితే ఫారానికి ఎనిమిదేసి ప్లేట్లు కావాలి. ‘ఈ వ్యాసం పక్కనే ఆ ఫోటో రంగుల్లో రావాలి’ అని ఇంట్లోవాళ్లు పట్టుబడితే బిల్లు పెరిగేది ఇక్కడే.

బైండింగ్ సెంటర్ పిన్నింగ్, అంటే నడుమ మడత మీద పిన్నులు కొట్టడం. కొందరు వీపు మీద పేరు కనబడాలని పర్ఫెక్ట్ బైండింగ్ (వీపుకి గమ్ పెట్టి అతికించడం) అడుగుతారు. ఇంత సన్నటి పుస్తకానికి అది వద్దు. ఆర్ట్ పేపరు నునుపుకి గమ్ పట్టదు, ముందుగా ఊడొచ్చేవి మాస్టారి ఫోటోల పేజీలే.

ఫోటోల దగ్గర పనివాడు మంచివాడే, ఇచ్చే సరుకే బాగుండదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుంచించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపాలి. అచ్చుసైజులో అంగుళానికి 300 చుక్కలు ఉండాలి కాబట్టి పాస్‌పోర్టు ఫోటోని పెద్దది చేయాలంటే 600లోనో 1200లోనో స్కాన్ చేయించాలి. ఆల్బమ్ జిగురు అట్టకి అతుక్కున్న ఫోటోని ఊడబెరక్కుండా అట్టతో సహా స్కానర్ మీద పెట్టమనండి.

టెన్త్ గ్రూప్ ఫోటో సంగతి వేరే చెప్పాలి. మొదటి ప్రూఫులో (సరిచూసుకోడానికి ముందుగా తీసిచ్చే ప్రతి) దాన్ని ఎదురెదురు పేజీల మీద పరిచారు. గ్రూప్ ఫోటోలో హెడ్మాస్టరు కుర్చీ ఎప్పుడూ నట్టనడుమే ఉంటుంది, మడత కూడా అక్కడే పడుతుంది. పిన్ను సరిగ్గా ఆయన ముఖం మీద దిగింది. ఒకే పేజీలో అడ్డంగా తిప్పి వేయిస్తే ఎనిమిది అంగుళాల పొడవు దొరికి ముఖాలు తెలిశాయి. కింద అట్ట మీద పేర్లున్న పట్టీని ‘అందంగా ఉండదు’ అని కోసేయబోయారు. ఫోటోలో సగం విలువ ఆ పట్టీదే.

సంతకం ఇంకో చిక్కు. గెజిటెడ్ హెడ్మాస్టరు కాబట్టి ఆకుపచ్చ సిరాతో పెట్టేవారు. దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లో స్కాన్ చేస్తే పాలిపోయి గీతలు తెగిపోయాయి. రంగుల్లో స్కాన్ చేసి ఫోటోషాప్‌లో ఎరుపు చానల్ ఒక్కటే తీసుకుంటే ఆకుపచ్చ గీత నల్లగా తేలుతుంది. ఆపరేటరుకి చెబితే నిమిషంలో చేశాడు, చెప్పకపోతే మాత్రం చేయడు.

టైపు విషయంలో అన్ని చోట్లా ఒకటే గొడవ. జనం వ్యాసాలు ఫోన్‌లో యూనికోడ్‌లో కొట్టి పంపుతారు, ప్రెస్సు వాళ్లు పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో పనిచేస్తారు. మధ్యలో ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే కన్వర్టర్. అను ఫాంటు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు గీతలు పెట్టుకున్నది కాబట్టి, వ్యాసం చివర ఇంగ్లిషులో కొట్టిన డిగ్రీలన్నీ పిచ్చి తెలుగుగా మారిపోతాయి. ‘హైస్కూల్‌లో’ లాంటి చోట పొల్లు పోయి ‘ల్లో’ అవుతుంది. కంప్యూటర్ దృష్టికి అది తెలుగే కాదు గనుక అచ్చుతప్పులు అది పట్టదు, కళ్లే పట్టాలి. డిగ్రీలు తెలుగులోనే కొట్టి పంపితే సగం బాధ తప్పుతుంది. రెండు ప్రూఫులు ప్యాకేజీలో ఉన్నాయి. మూడోది అడిగితే విసుక్కున్నారు గానీ ఇచ్చారు.

ఇక రాత. ‘జీవిత విశేషాలు మేమే రాసిపెడతాం’ అన్నదాని అర్థం, వాళ్ల దగ్గర ఒక వ్యాసం తయారుగా ఉందని. క్రమశిక్షణకు మారుపేరు, నిగర్వి, విద్యార్థుల పాలిటి కల్పవృక్షం. పేరు మార్చి పోయిన నెల ఇంకో మాస్టారికి వాడారో, వచ్చే నెల వాడతారో. విశేషణాలు పోతే పోయాయి, తేదీలు కూడా తప్పే. రికార్డులో పుట్టిన తేదీ 1947 జూలై 1, ఆ కాలం పల్లె బళ్లలో చాలామందికి రాసినట్టే. ప్రెస్సు వాళ్లు తర్వాతి కాలం అలవాటు కొద్దీ అరవై ఏళ్లు కలిపి 2007 జూలై 31న రిటైరయ్యారని రాశారు. అప్పటి వయోపరిమితి 58. పైగా ఒకటో తేదీన పుట్టినవాళ్లు అంతకుముందు నెలాఖరుకే దిగిపోతారు. 2005 జూన్ 30 అన్నమాట. వయసు 60కి పెరిగింది 2014లో, 62కి 2022లో. 1983లో 55కి దించి, తర్వాత మళ్లీ 58 చేసిన సంగతి ఇంకా పెద్దవాళ్ల విషయంలో చూసుకోవాలి.

జిల్లాల పేర్లూ అంతే. 1968లో చీరాలలో చేరిన మాస్టారు చేరింది గుంటూరు జిల్లాలో. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, తర్వాత ప్రకాశం అయింది. 2022 నుంచి చీరాల బాపట్ల జిల్లా. ‘బాపట్ల జిల్లాలో ఉద్యోగంలో చేరి’ అని అచ్చేస్తే ఆ తరంవాళ్లు నవ్విపోతారు. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు రాయాల్సింది తాలూకా, సమితి. ఇవన్నీ ఊహించే పని లేదు, సర్వీసు రిజిస్టరు నకలు ఇంట్లో ఉంటే చేరిన తేదీ, బదిలీలు, ప్రమోషన్లు వరసగా అందులోనే ఉంటాయి. దాన్ని ముందు పెట్టుకుని కమిటీలో ఎవరో ఒకరు రాయాలి, ప్రెస్సుకి వదలకూడదు.

పాత విద్యార్థుల్ని ‘మాస్టారి గురించి రాయండి’ అని అడగొద్దు, అందరూ కల్పవృక్షమే రాస్తారు. ఏ సంవత్సరం, ఏ తరగతి, ఏ పాఠం, ఏమన్నారు అని అడగాలి. అలా అడగబట్టే ఒకాయన, టెన్త్ పిల్లల నైట్ స్టడీలో కరెంటు పోతే పెట్రోమాక్స్ లైటుకి మాంటిల్ (వెలిగే వల సంచి) ఏ రోజు ఎవరు కట్టాలో కూడా మాస్టారు నోటీసు బోర్డు మీద పేర్లు వేసేవారని రాశారు. పుస్తకం మొత్తంలో మనిషి కనబడేది ఆ ఎనిమిది లైన్లలోనే. పేజీలు ఫారానికి సరిపోవాలని ఆపరేటర్ కోసేసిందీ సరిగ్గా వాటినే. రెండో ప్రూఫులో పట్టుకుని వెనక్కి తెప్పించి, ఆ చోటుకి కల్పవృక్షాన్ని కొట్టేయించాల్సి వచ్చింది.

గడువు గురించి ప్రెస్సు మాట నమ్మొద్దు. పెద్దకర్మకి పుస్తకం ఇస్తామంటారు. ఇవ్వగలరు కూడా, కానీ అన్ని రోజుల్లో వ్యాసాలు రావు, ప్రూఫులు సరిగా చదవలేరు. పెద్దకర్మ నాటికి ఫోటో, తేదీలతో నాలుగు పేజీల కరపత్రం చాలు. పుస్తకం సంవత్సరీకానికి పెట్టుకోండి.

డబ్బు కట్టేముందు ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్, స్కాన్ చేసిన ఫోటోల ఒరిజినల్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకోవాలి. కాపీ ఒక్కోటి సుమారు వంద గ్రాములు, 500 కలిపి 50 కిలోలు. యాభైల చొప్పున కట్టించి ఆర్టీసీ కార్గోలో వేస్తే ఊరికి చేరతాయి. కట్టలు కట్టకముందే ప్రతి పుస్తకం నడుమ తెరిచి చూడండి. రంగుల సెక్షన్ పడని కాపీలు కొన్ని ఇందులోనూ వచ్చాయి. అదనంగా అచ్చేసినవి ఉండబట్టి అక్కడికక్కడే మార్చి ఇచ్చారు.