నొయోరి రుథీనియం–టీఎస్‌డీపెన్ క్యాటలిస్ట్: కీటోన్‌కు సరే, అన్ని కీటోన్లకూ కాదు

కీటోన్‌ను ఆల్కహాల్‌గా, అదీ ఎక్కువగా ఒకే అద్దపు రూపంలో, మార్చే క్యాటలిస్ట్ ఇది. నారింజ రంగు పొడి, తూకం వేయడం తేలిక. హైడ్రోజన్ ఫార్మిక్ యాసిడ్ నుంచే వస్తుంది, అందుకని హైడ్రోజన్ సిలిండర్, ఆటోక్లేవ్ (ఒత్తిడి తట్టుకునే పాత్ర) అక్కర్లేదు, దీని అసలు సుఖం అదే. 1.2 గ్రాముల అసిటోఫినోన్‌ అనే కీటోన్‌కు క్యాటలిస్ట్ 32 మిల్లీగ్రాములు (0.5 మోల్ శాతం), 5:2 ఫార్మిక్ యాసిడ్–ట్రైఇథైలమీన్ మిశ్రమం 5 మి.లీ. చాలు. 28 డిగ్రీల దగ్గర రాత్రంతా తిప్పితే ఈఈ (ఒక అద్దపు రూపం రెండోదానికంటే ఎంత ఎక్కువుందో చెప్పే శాతం) 97–98 శాతం వస్తుంది. లిగాండ్ (రుథీనియానికి అతుక్కున్న టీఎస్‌డీపెన్) ఎస్,ఎస్ రూపమైతే, వచ్చే ఆల్కహాల్ ఎస్ రూపం.

ఫార్మిక్ యాసిడ్, ట్రైఇథైలమీన్‌లను ఐస్‌లో పెట్టి, చుక్కచుక్కగా కలపాలి, బాగా వేడెక్కుతుంది. రియాక్షన్‌లో కార్బన్ డయాక్సైడ్ వస్తూనే ఉంటుంది కాబట్టి ఫ్లాస్క్‌కు బిరడా బిగించారో, ఎగిరిపోతుంది! గ్యాస్ బయటికి పోయేలా బబ్లర్ పెట్టండి.

ఫార్మిక్ యాసిడ్ బదులు ఐసోప్రొపనాల్ వాడితే రియాక్షన్ వెనక్కీ నడుస్తుంది. 0.1 మోలార్ దగ్గర పలచగా ఉంచి, సమయానికి ఆపకపోతే ఈఈ జారిపోతుంది. చాలామంది క్యాటలిస్ట్ బాగోలేదని తిట్టేది ఇక్కడే.

నైట్రో గ్రూప్ జోలికి పోదు. అయితే రెండు వైపులా ఆల్కైల్ గ్రూపులే ఉన్న కీటోన్‌కు దీన్ని కొనడం డబ్బు దండగ. ఈఈ చూడటానికి కైరల్ హెచ్‌పీఎల్‌సీలో (రెండు అద్దపు రూపాలను విడదీసి చూపే యంత్రం) ముందు సోడియం బోరోహైడ్రైడ్‌తో చేసిన రేసిమిక్ (రెండు రూపాలూ సమానంగా ఉన్న) శాంపిల్ ఎక్కించండి.