సెయింట్ లూసియాలో లోకల్ టూర్ బుక్ చేస్తున్నారా, జాగ్రత్త - క్రూజ్‌లో వెళ్ళేవాళ్ళు తప్పకుండా చదవండి

డిసెంబర్ సెలవులకి కరీబియన్ క్రూజ్ అనుకుంటున్నవాళ్ళ కోసం ఇది, అందులోనూ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళ కోసం. షిప్ వాళ్ళు అమ్మే ఎక్స్‌కర్షన్ రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి కాబట్టి అందరం ఆన్‌లైన్‌లో లోకల్ టూర్ వెతుక్కుంటాం, అందులో తప్పేం లేదు, కానీ సెయింట్ లూసియాలో మాకు అంటగట్టినలాంటిది మాత్రం కొనకండి. కంపెనీ పేరు రాయట్లేదు, రాసినా పెద్ద ఉపయోగం లేదు, అదే టూర్ అవే ఫోటోలతో వేరే వేరే పేర్ల మీద కనపడుతోంది. పేరు కన్నా వాలకం గుర్తుపెట్టుకోండి.

యాడ్‌లో ఏముందంటే, తలకి 65 డాలర్లు, ప్రైవేట్ వ్యాన్, పిటాన్ అనే కొండ మీదికి ట్రెక్, వాల్కనో, మడ్ బాత్, బొటానికల్ గార్డెన్, వాటర్‌ఫాల్, లంచ్, బీచ్, అన్నీ కలిపి ఐదు గంటలు. ఇక్కడే ఉంది అసలు కిటుకంతా. షిప్ ఆగేది క్యాస్ట్రీస్‌లో, అది ద్వీపానికి ఉత్తరం వైపు. చూడాల్సినవన్నీ సూఫ్రియేర్ చుట్టుపక్కల, నైరుతి మూల. మధ్యలో ఆన్స్ లా రే, కానరీస్ ఊళ్ళ మీదుగా మొత్తం ఘాట్ రోడ్డే, వ్యాన్‌లో గంటన్నర ఈజీగా పడుతుంది, అంటే రానూపోనూ మూడు గంటలు రోడ్డు మీదే పోయాయి. ఇక పిటాన్ ట్రెక్ అంటారా, గ్రో పిటాన్ ఎత్తు 798 మీటర్లు, ఎక్కి దిగడానికే నాలుగు గంటలు కావాలి, కొంచెం బొద్దుగా ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువే. మరి ఐదు గంటల్లో ఇదంతా ఎలా అని మెసేజ్ పెట్టి అడిగితే "మా డ్రైవర్లకి షార్ట్‌కట్స్ తెలుసు" అన్నారు. కొండకి షార్ట్‌కట్ ఏంటి నాయనా!

చివరికి ట్రెక్ అంటే ఏంటంటే, రోడ్డు పక్కన వ్యాన్ ఆపి "అదిగో గ్రో పిటాన్, ఆ చిన్నది పెటీ పిటాన్, ఫోటోలు తీసుకోండి" అనడం. చూడ్డానికి అద్భుతమే, సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన రెండు శిఖరాలు, 2004లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఊరికే ఎక్కలేదు. కానీ కట్టింది ట్రెక్‌కి. అక్కడ ఆగిన రెండు నిమిషాల్లోనే ఎవరో వచ్చి కొబ్బరాకుతో అల్లిన పిట్టని మా పాప చేతిలో పెట్టేసి "గిఫ్ట్, గిఫ్ట్" అన్నాడు, వ్యాన్ ఎక్కబోతుంటే పది డాలర్లు అడిగాడు.

ప్రైవేట్ వ్యాన్ సంగతి సరేసరి. మా ఐదుగురం కాకుండా ఇంకో రెండు ఫ్యామిలీలు ఎక్కారు, అమ్మని వెనక సీట్లో ఇరికించారు, ఆ మలుపులకి ఆవిడకి వాంతులే వాంతులు. ముందు సీటు ఇవ్వమని అడిగితే అక్కడ గైడ్ కుర్రాడు కూర్చుంటాడట.

సల్ఫర్ స్ప్రింగ్స్ దగ్గర ఇంకో షాక్. దీన్ని డ్రైవ్ ఇన్ వాల్కనో అని ప్రచారం చేస్తారు, బండి దాదాపు దాని దాకా వెళ్తుంది, లోపల బూడిదరంగు బురద కుతకుతా ఉడుకుతూ ఉంటుంది, కుళ్ళిన గుడ్ల వాసన. ఎంట్రీ ఫీజు వేరే అన్నారు, మడ్ బాత్‌కి ఇంకో ఫీజు అన్నారు, గార్డెన్‌కి మళ్ళీ వేరే. యాడ్‌లో ఉన్న "ఆల్ ఇన్‌క్లూజివ్" అంటే రవాణా మాత్రమేనట. పోనీలే ఇంత దూరం వచ్చాం కదా అని కట్టాం, పావుగంటలో బయటికి రమ్మని ఈలలు. అన్నిటికన్నా మా అమ్మని బాధపెట్టింది ఏంటంటే, వెండి వస్తువులు తీసేసి దిగండి అని ఒక్కరు కూడా చెప్పలేదు. ఆ నీళ్ళలో, గాలిలో ఉండే గంధకం వల్ల వెండి నల్లబడుతుంది, రోజూ అక్కడే తిరిగే గైడ్‌కి అది తెలియకుండా ఉంటుందా? బురద కడుక్కుని చూస్తే మెట్టెలు, పట్టీలు బొగ్గులా ఉన్నాయి. "ఏంట్రా ఇది, మీ నాన్న ఎదురుగా ఉండగా మెట్టెలు నల్లబడటమేంటి" అని ఆవిడ కంగారు, గంధకం అమ్మా అని ఎంత చెప్పినా వినదే, ఆ రాత్రి షిప్‌లో డిన్నర్ కూడా మానేసి బాత్రూంలో టూత్‌పేస్ట్ పెట్టి తోముతూ కూర్చుంది. లేతరంగు బట్టలు కూడా వేసుకోకండి, ఆ బురద మరక వదలదు.

ఇప్పుడు అసలు మోసం. లంచ్‌కి ఒక చోట ఆపారు, మెనూలో పక్కన ఉత్త డాలర్ గుర్తే ఉంది. అందరం తిన్నాక గైడ్ వచ్చి "మీది 216 అయింది, క్యాష్ నాకివ్వండి, నేను కట్టేస్తా" అన్నాడు. ఆ దేశంలో చెల్లేది ఈస్ట్ కరీబియన్ డాలర్, ఒక అమెరికన్ డాలర్‌కి 2.70 ఈసీ డాలర్లు, 1976 నుంచి ఆ రేటు కదల్లేదు. అంటే ఆ 216 అమెరికన్ డబ్బుల్లో 80. వాడు అడుగుతున్నది 216 అమెరికన్! మా ఆవిడకి అనుమానం వచ్చి బిల్లు నేనే చూస్తా అని కౌంటర్ దగ్గరికి వెళ్తే అక్కడ క్యాషియర్ తాపీగా "80 యూఎస్ ఇస్తే చాలు మేడమ్" అంది. గైడ్ ముఖం చూడాలి అప్పుడు. పక్క ఫ్యామిలీ అప్పటికే ఇచ్చేశారు, ఎంత గొడవపడ్డా కొంచెమే తిరిగొచ్చింది, అది కూడా ఈసీ నోట్లలో. అక్కడ ఎవరు ఏ రేటు చెప్పినా "యూఎస్సా ఈసీనా" అని అడక్కుండా తల ఊపకండి.

లంచ్‌లో వెజ్ కూడా ఉందన్నారు, తీరా అమ్మానాన్నలకి వచ్చింది చేప ముక్క పక్కకి జరిపిన అన్నం, వేయించిన అరటికాయ. నిజానికి అక్కడ వెజ్‌కి ఇబ్బంది లేదు. రాస్తాఫారియన్లని అక్కడో మతంవాళ్ళు ఉంటారు, వాళ్ళ హోటళ్ళలో ఐటల్ అని అడగండి, మామూలుగా మాంసం, చేప లేని వంట, లేదంటే శనగలు, బంగాళాదుంప పెట్టిన రోటీ దొరుకుతుంది, 1859 నుంచి మనవాళ్ళు చెరుకుతోటల కూలీలుగా వెళ్ళిన ద్వీపం కదా.

టైం విషయం మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. సెయింట్ లూసియాలో అమెరికాలోలా వేసవికీ చలికాలానికీ గడియారం మార్చరు, చలికాలంలో ఫ్లోరిడా కన్నా ఒక గంట ముందుంటుంది. ఫ్లోరిడా నుంచి బయల్దేరిన కొన్ని షిప్పులు అదే ఫ్లోరిడా టైం నడుపుతాయి. టికెట్ మీద తొమ్మిది అని ఉంటే అది ఎవరి తొమ్మిది? మా టూరే కొన్న ఒక జంట షిప్ టైం చూసుకుని దిగారట, అప్పటికి మా వ్యాన్ వెళ్ళిపోయింది, నో షో అని రూపాయి కూడా వెనక్కివ్వలేదట. సాయంత్రం లెక్క తప్పితే ఇంకా ఘోరం, షిప్ వాళ్ళ సొంత టూర్ అయితే ఆలస్యమైనా బాధ్యత వాళ్ళది, మనం బయట కొన్నదానికి షిప్ ఆగదు. మాకు తిరిగొచ్చేటప్పుడు క్యాస్ట్రీస్ ట్రాఫిక్ మొదలైంది, అయినా గైడ్ సావనీర్ షాప్ దగ్గర ఆపబోతే నాన్న తెలుగులోనే గట్టిగా అరిచారు, వాడికి బాగానే అర్థమైంది.

డ్రైవర్ పెద్దాయన మాత్రం మంచోడు. అమ్మకి నిమ్మకాయ తెచ్చిచ్చాడు, దిగేటప్పుడు మెల్లిగా చెప్పాడు, మనం కట్టిన 65లో ఆయన దాకా వచ్చేది చాలా తక్కువట, మధ్యలో అమ్మేవాళ్ళే ఎక్కువ తినేస్తారట, అందుకే ఈ కుర్రాళ్ళు షాపుల కమీషన్ మీద పడతారని. కాబట్టి లోకల్ గైడ్లంతా దొంగలని నేననను. పోర్ట్ బయట లైసెన్స్ ఉన్న టాక్సీవాళ్ళు ఉంటారు, నంబర్ ప్లేట్ టీఎక్స్‌తో మొదలవుతుంది, ఎం తో మొదలైతే రూట్ మినీబస్సు. మా వ్యాన్‌కి ఈ రెండూ లేవు, దారిలో ఏదైనా అయ్యుంటే మమ్మల్ని అడిగే నాథుడు లేడు. రేటు మనిషికా బండికా, ఏ డాలర్, ఎంట్రీలు కలిపా కాదా, ఎన్నింటికి వెనక్కి, ఇవన్నీ బండెక్కకముందే వాట్సాప్‌లో రాయించుకోండి. పెద్దవాళ్ళుంటే ఆ ఘాట్ రోడ్డు వదిలేసి సముద్రం మీదుగా పడవలో సూఫ్రియేర్ వెళ్ళే టూర్లు చూడండి. ఇంకోటి, ఆ దేశంలో మిలిటరీ వాళ్ళ మచ్చల డిజైన్ (కామఫ్లాజ్) బట్టలు వేసుకోవడం నేరం, పిల్లల నిక్కర్లు, టోపీలు సైతం, ఇది కూడా మాకు టూర్‌వాళ్ళు చెప్పలేదు, షిప్ దిగేచోట సెక్యూరిటీ ఆపి చెప్పాడు.

కార్డు మీద కట్టా కాబట్టి డిస్‌ప్యూట్ వేశాను, యాడ్ స్క్రీన్‌షాట్లు, ఆ "షార్ట్‌కట్" మెసేజ్ అన్నీ బ్యాంకుకి పంపాను. అమ్మినవాళ్ళేమో "మీరు పిటాన్ చూశారు కదా" అని జవాబిచ్చారు. బ్యాంకు ఇంకా తేల్చలేదు.