నిగనిగలాడే సముద్రపు చేపను చూసి మోసపోకండి: ఒక్క కొనుగోలుతో ఆరు చేపలు పోగొట్టుకున్నాను

హైదరాబాదులో ఉప్పునీటి ట్యాంకు నడుపుతున్నవాళ్లు కొత్త చేపకు డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. దుకాణం పేరు రాయడం లేదు. ఈ అలవాటు ఆ ఒక్కచోటే ఉందని నేను అనుకోవడం లేదు. పేరు రాస్తే మిగతావాళ్లంతా నిర్దోషులైపోతారు.

నాది ఐదువందల లీటర్ల ట్యాంకు. నాలుగేళ్లుగా పెంచుతున్న క్లౌన్ చేపల జంట, రెండు క్రోమిస్‌లు, ఒక రాయల్ గ్రామా, ఒక సిక్స్‌లైన్ రాస్, రాళ్ల సందులో కాపురముండే ఒక గోబీ ఉండేవి. వాటితోపాటు కొన్ని మెత్తని పగడాలు, రెండు రొయ్యలు, నత్తలు. (గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు కిందికి వస్తాయి. ఎవరైనా చాటుగా అమ్మజూపితే ఆ మనిషి దగ్గర చేపలు కూడా కొనకండి.) నాకు ఆశపుట్టింది పౌడర్ బ్లూ ట్యాంగ్ మీద. మన హిందూ మహాసముద్రపు చేపే. ఆకాశనీలం ఒళ్లు, వీపు మీద పసుపు రెక్క. అందం ఎంతో, పరాన్నజీవులకు లోకువ అంత. ఆ సంగతి తెలిసీ ఎనిమిది వేలు పెట్టాను. దుకాణంలో నా కళ్లముందే నాచు తింది. ఒంటిమీద ఒక్క మచ్చ లేదు. "రెండు వారాల నుంచి మా దగ్గరే ఉంది సార్, క్వారంటైన్ అయిపోయినట్టే" అన్నాడు అమ్మిన అబ్బాయి.

శనివారం ఇంటికి తెచ్చి, గంటసేపు నీళ్లు చుక్కచుక్కగా కలిపి, నేరుగా పెద్ద ట్యాంకులో వదిలాను. ఇది నా తప్పే. విడిగా ఉంచడానికి కావలసిన తొట్టి, స్పాంజి ఫిల్టరు మా అటక మీద దుమ్ముకొట్టుకుని ఉన్నాయి.

మంగళవారం పొద్దున చూస్తే ట్యాంగ్ పంపు ధారకు ఎదురుగా నిలబడి కదలడం లేదు. మేత ముట్టలేదు. క్లౌన్‌లు నీటి పైభాగానికి వచ్చి గబగబా మొప్పలాడిస్తున్నాయి. లైటు వేయగానే గ్రామా చీకటి మూలకు దూరింది. చుక్కలంటూ పెద్దగా లేవు, పక్కనుంచి టార్చి వేస్తే మాత్రం ఒంటిమీద సన్నటి పసుపు పొడి చల్లినట్టు ఉంది. వీడియో తీసి దుకాణానికి పంపాను. "ఇక్ (తెల్లచుక్కల జబ్బు) సార్, కొత్త చోటు కదా, ఒత్తిడికి వస్తుంది. పగడాలకు హాని చేయని మందుంది, వెల్లుల్లి రసంలో మేత నానబెట్టి పెట్టండి" అన్నారు. ఆ సీసా పన్నెండు వందలు. లోపల ఏముందో దానిమీద రాసి లేదు, మూలికల సారం అని మాత్రం ఉంది. జబ్బు అంటగట్టినవారే మందు కూడా అమ్మారని అప్పుడు నాకు తట్టలేదు. ఆ మందు పోస్తూ గడిపిన రెండు రోజులే నా కొంప ముంచాయి.

గురువారం తెల్లవారేసరికి క్రోమిస్‌లు రెండూ, గ్రామా పోయాయి. భీమవరంలో రొయ్యల ల్యాబ్ నడిపే మా బావమరిదికి ఫోను చేశాను. "చచ్చి ఎంతసేపైంది? గంటలు గడిస్తే పురుగులు చేపను వదిలేస్తాయి బావగారూ, అప్పుడిక ఏమీ కనిపించదు" అన్నాడు. మధ్యాహ్నం నా కళ్లముందే రాస్ ప్రాణం వదిలింది. వెంటనే మొప్ప ముక్క కత్తిరించి, మా అమ్మాయి సైన్సు ప్రాజెక్టుకు కొన్న మైక్రోస్కోపు కింద పెట్టి, కంటిభాగానికి ఫోను ఆనించి వీడియో పంపాను. వందరెట్లు పెంచి చూస్తే మొప్ప ఈకలకు అంటుకుని నల్లటి కోడిగుడ్ల వంటివి వరుసగా ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. వాడు తన పుస్తకాల్లోని బొమ్మలతో పోల్చి చూసి చెప్పాడు: ఇక్ అయితే గుండ్రంగా తిరుగుతూ కనిపించాలి, ఇది అమైలూడినియం, అంటే వెల్వెట్.

ఈ రెండింటికీ తేడా తెలిసి ఉంటే మంగళవారమే చేపలను బయటికి తీసేవాడిని. ఇక్, అంటే క్రిప్టోకారియాన్, ఉప్పు రవ్వలంత తెల్ల చుక్కలతో కనిపిస్తుంది. చుక్కలు రాలిపోయి, కొన్నాళ్లకు మళ్లీ రెట్టింపుగా వస్తాయి. మధ్యలో తగ్గిపోయిందని మనం సంబరపడతాం. దానికి వైద్యం చేయడానికి తరచుగా మనకు వారాల వ్యవధి దొరుకుతుంది. వెల్వెట్ ముందు మొప్పలనే పట్టుకుంటుంది. ఒంటిమీద పొడి కనిపించేలోపే ఊపిరాడక పోయే చేపలు ఎన్నో. చేపను వదిలి నేలకు చేరిన ఒక్కొక్క పరాన్నజీవీ విడిపోతూ 256 వరకు ఈదే పిల్లలను వదలగలదు. క్లౌన్ చేప ఒంటినుంచి తెల్లటి జిగురు పొరలు పొరలుగా ఊడుతుంటే అది మూడో జబ్బు, బ్రూక్లినెల్లా. ఇక్‌కు, వెల్వెట్‌కు మందుగా వాడే రాగి దానిమీద పనిచేయదు, ఫార్మలిన్ కావాలి. ఇక చేప కళ్లు మసకబారి రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంటే ఫ్లూక్‌లను (చేపకు అంటుకుని బతికే చదునైన పురుగులను) అనుమానించాలి. ఉష్ణోగ్రత, పీహెచ్ సమానం చేసిన మంచినీళ్లలో ఐదు నిమిషాలు ముంచితే అవి తెల్లగా మారి రాలిపడతాయి.

నన్ను మండించిన సంగతి తర్వాత బయటపడింది. ఇంటి నీళ్లతో పోల్చి చూసుకోవాలని చెప్పి, దుకాణంలో ఆ ట్యాంగ్ ఉన్న తొట్టి నుంచి ఒక సీసా నీళ్లు తెచ్చుకున్నాను. సాంద్రత (నీళ్లలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 1.017 ఉంది. నా ట్యాంకులో 1.025. రాగి కొలిచే డిజిటల్ పరికరం లీటరుకు 0.9 మిల్లీగ్రాములు చూపించింది. వాళ్లు వాడేది సేంద్రియ పదార్థంతో బంధించిన రాగి. ఆ రకంతో జబ్బును నయం చేయాలంటే లీటరుకు 2.25 నుంచి 2.5 మిల్లీగ్రాములు, 30 రోజులపాటు తగ్గకుండా ఉండాలి. అందులో సగం కూడా లేని మోతాదు పరాన్నజీవిని చంపదు, అణచిపెడుతుంది. చేప నున్నగా కనిపిస్తుంది, అమ్ముడుపోతుంది, రాగి లేని మన నీళ్లలోకి రాగానే జబ్బు పడగ విప్పుతుంది.

అడిగితే "అందరూ అలాగే ఉంచుతారు సార్" అన్నారు. డబ్బు తిరిగివ్వలేదు. మందు సీసా డబ్బు కూడా.

కాబట్టి దుకాణంలో ముందుగా చూడవలసింది చేపను కాదు, తొట్లను. చేపల తొట్ల వరుస మొత్తంలో ఒక్క నత్త, ఒక్క రొయ్య కూడా లేకపోతే ఆ నీళ్లలో రాగి ఉండవచ్చు. రాగి వెన్నెముక లేని జీవులకు విషం. ఎంత మోతాదు, ఎన్నాళ్ల నుంచి అని నేరుగా అడగండి. అంకె చెప్పలేనివాడికి క్వారంటైన్ అంటే ఏమిటో తెలియదని నా లెక్క. సాంద్రత కొలిచే పరికరం మీదే పట్టుకెళ్లండి. ఇంటికి తెచ్చాక ఇసుక, రాళ్లు లేని తొట్టిలో, దాక్కోవడానికి పీవీసీ గొట్టాలు వేసి విడిగా ఉంచండి. పెద్ద ట్యాంకులో మాత్రం రాగి పోయవద్దు. రొయ్యలూ నత్తలూ పగడాలూ చస్తాయి, రాళ్లు రాగిని పీల్చుకుని తర్వాత వదులుతుంటాయి. రాగి ఉన్న నీళ్లలో అమ్మోనియాను విరిచే ద్రావణం కూడా కలపకండి, కొన్ని రకాలు రాగిని మరింత విషంగా మారుస్తాయి. నీళ్లు మార్చడమే మేలు. సాంద్రతను 1.009కి దించే పద్ధతి ఇక్‌కు పనిచేస్తుంది. వెల్వెట్ దానికి లొంగదు.

శుక్రవారం ట్యాంగ్, ఒక క్లౌన్ పోయాయి. రాళ్లన్నీ బయటికి తీస్తేగానీ గోబీ చిక్కలేదు. అది, మిగిలిన క్లౌన్ ఇప్పుడు రాగి తొట్టిలో ఇరవయ్యో రోజు గడుపుతున్నాయి. రెండూ మేత తింటున్నాయి. పెద్ద ట్యాంకులో చేపలు లేవు. వెల్వెట్ ఒక్కటే అయితే ఆరు వారాలు ఖాళీగా ఉంచితే చాలంటారు. కానీ ఆ నీళ్లతో ఇక్ కూడా వచ్చిందేమోనన్న అనుమానం ఉంది. ఇక్ పరాన్నజీవి చేపను వదిలాక కట్టుకునే గూళ్ల నుంచి 72వ రోజున కూడా పిల్లలు బయటికి వచ్చినట్టు ప్రయోగశాలలో గమనించారు కాబట్టి, నేను 76 రోజులు ఆగుతున్నాను. రొయ్యలు మాత్రం ఇల్లంతా మాదేనన్నట్టు తిరుగుతున్నాయి.

నిన్న అటువైపు పనిమీద వెళ్లి దుకాణంలోకి తొంగిచూశాను. అదే తొట్టిలో మరో పౌడర్ బ్లూ ట్యాంగ్ ఉంది, ధర తొమ్మిది వేలు. నీళ్లు పడేచోట ధారకు ఎదురుగా నిలబడి ఉంది.